మనవల దగ్గరికి వెళ్లే పెద్దలకు: మే రెండో వారం దాటాకే టికెట్ తీయండి

సంపాదకులు గారికి,

సంక్రాంతి దాటిందంటే సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే కాలనీ ఇళ్లల్లో అమెరికా ప్రయాణాల మాటే. కొడుకో కూతురో షికాగోలోనో, డెట్రాయిట్ చుట్టుపక్కలో, క్లీవ్‌లాండ్‌లోనో, రోచెస్టర్‌లోనో ఉంటారు. అన్నీ అమెరికా, కెనడా సరిహద్దు వైపు ఉన్న అయిదు మహా సరస్సుల (గ్రేట్ లేక్స్) ఒడ్డున, లేదా వాటి చేరువలో ఉన్న ఊళ్లే. మన ఎండలు ముదరకముందే ఇక్కడి నుంచి బయటపడితే చాలని మార్చి ఆఖరుకో, ఉగాది వెళ్లిన మర్నాడో టికెట్లు తీసేస్తుంటారు. క్యాలెండర్‌లో అప్పటికి వసంతమే. కానీ సరస్సుల దగ్గర వసంతం క్యాలెండర్ చూసి రాదు. ఆ తేదీకి వెళ్లిన అమ్మమ్మలూ తాతయ్యలూ మొదటి నెలంతా కిటికీ దగ్గర కూర్చుని మోడు చెట్లు చూడాల్సివస్తుంది. ఈ విషయం టికెట్ కొనే పిల్లలకూ, ప్రయాణం చేసే పెద్దలకూ ముందే తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఆలస్యానికి కారణం ఆ నీళ్లే. మంచినీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. చలికాలమంతా సున్నాకి దగ్గరగా చల్లబడిన పై నీరు వసంతపు ఎండకు 4 డిగ్రీలకు చేరగానే బరువెక్కి కిందికి దిగిపోతుంది, దాని స్థానంలోకి చల్లని నీరు పైకి వస్తుంది. ఈ తిరుగుడు పూర్తయ్యేదాకా పైపొర వేడి నిలబెట్టుకోలేదు. మిషిగన్ సరస్సు విస్తీర్ణం 58,000 చదరపు కిలోమీటర్లు, అత్యధిక లోతు 281 మీటర్లు. సుపీరియర్ ఇంకా పెద్దది, 406 మీటర్ల లోతు. అంత నీటికి చలి వదలాలంటే జూన్ దాటుతుంది. మే నెలలో గట్టు మీద చొక్కాతో తిరిగే ఎండ ఉన్నా నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి.

మన బీచ్ రోడ్డు మీద మధ్యాహ్నం వీచే సముద్రపు గాలి లాంటిదే అక్కడా వీస్తుంది. ఇక్కడ అది హాయి. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఆ గాలి నాలుగైదు డిగ్రీల నీటి మీది నుంచి వస్తుంది. ఊరి లోపల 22 డిగ్రీలు ఉన్న రోజు ఒడ్డుకు వెళితే అరగంటలో 10కి పడిపోవడం మామూలే. ఫోన్‌లో కనిపించే ఉష్ణోగ్రత చాలాసార్లు విమానాశ్రయం దగ్గరిది. వాతావరణ సూచనలో 'సరస్సు దగ్గర చల్లగా ఉంటుంది' అన్న ముక్క ఉందో లేదో చూసి మరీ బయల్దేరాలి. అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లో చెబుతారు. 30 తీసేసి సగం చేస్తే మన లెక్కకు దగ్గరగా వస్తుంది. 50 అంటే మన 10.

ఆ చలి నీళ్ల వల్ల మేలు పొందేవాళ్లూ ఉన్నారు. మిషిగన్ రాష్ట్రంలో ట్రావర్స్ సిటీ చుట్టూ పుల్ల చెర్రీ తోటలు విస్తారంగా ఉంటాయి. దేశంలో పుల్ల చెర్రీల దిగుబడిలో ఆ రాష్ట్రానిదే మొదటి స్థానం. సరస్సు చల్లదనం మొగ్గను తొందరపడి విచ్చుకోనివ్వదు, కాబట్టి పూత రాత్రి మంచుకు మాడిపోకుండా బతుకుతుంది. ఆ తోటలు సాధారణంగా మే నడుమ పూస్తాయి. హాలండ్ అనే ఊళ్లో తులిప్ పూల ఉత్సవం, రోచెస్టర్‌లోని హైలాండ్ పార్కులో లైలాక్ పూల ఉత్సవం జరిగేదీ మే నెలలోనే. అడవుల్లో మూడు రేకుల తెల్లని ట్రిలియం పూలు నేలంతా పరుచుకునేదీ అప్పుడే. తరతరాలుగా ఆ నేల మీద చెట్లు పెంచినవాళ్లు నమ్మిన తేదీ అది. మనమూ దాన్నే నమ్మాలి. మే రెండో వారం దాటాక అక్కడ దిగితే చాలు.

పిల్లల బడి లెక్క కూడా ఇదే చెబుతుంది. అక్కడ బడులకు మార్చి ఆఖర్లోనో ఏప్రిల్ మొదట్లోనో వారం రోజుల సెలవు ఉంటుంది. ఆ వారం కోసమని ముందు వెళితే, వారం గడిచాక మళ్లీ జూన్ మధ్య దాకా మనవలు పొద్దున్న బస్సెక్కి మధ్యాహ్నం మూడూ నాలుగింటికి గానీ రారు. మే నడుమ వెళితే నాలుగైదు వారాల్లో వేసవి సెలవులు మొదలవుతాయి. ఆ నాలుగైదు వారాలు ఒంటికి అలవాటు పడటానికి సరిపోతాయి. డెట్రాయిట్ వైపు మన టైముకి తొమ్మిదిన్నర గంటలు, షికాగోలో పదిన్నర గంటలు వెనక. పైగా మే నెలలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. చీకటి పడితేనే నిద్ర పట్టే పెద్దలకు మందపాటి కర్టెన్ ఉన్న గది కావాలని పిల్లలకు ముందే చెప్పండి.

టికెట్ దగ్గర జరిగే అసలు నష్టం ఒకటుంది. అమెరికాకు విశాఖ నుంచి నేరుగా విమానం లేదు. ఢిల్లీ, హైదరాబాద్, ముంబై లాంటి చోట్ల మారాలి. నాలుగు వేలు మిగులుతాయని విశాఖ - ఢిల్లీ టికెట్ వేరుగా, ఢిల్లీ - అమెరికా టికెట్ వేరుగా తీస్తారు. అంతర్జాతీయ టికెట్ మీద చాలా సంస్థలు మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తాయి. వేరుగా తీసిన దేశీయ టికెట్ మీద సాధారణంగా 15 కిలోలే. తేడా అంతా విశాఖ కౌంటర్ దగ్గర అదనపు రుసుముగా కట్టాల్సిందే. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే బాధ్యత ఎవరూ తీసుకోరు. ఢిల్లీలో పెట్టెలు తీసుకుని, ఒక్కోసారి టెర్మినల్ మారి, మళ్లీ వరుసలో నిలబడాలి. డెబ్బై ఏళ్ల మోకాళ్లతో ఇది చేయించకండి. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. అప్పుడు కూడా అమెరికాలో మొదట దిగిన ఊళ్లో పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. తిరిగి వచ్చేటప్పుడు మన దేశంలో మొదట దిగే చోటా అంతే. ఈ రెండు చోట్లా మారడానికి కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోండి.

వీల్‌చెయిర్ అడగడానికి మొహమాటపడొద్దు. కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పాలి. అందులో మూడు రకాలున్నాయి. మెట్లు ఎక్కగలిగి దూరం నడవలేనివారికి డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు ఎక్కలేనివారికి డబ్ల్యూసీహెచ్ఎస్, అసలు నడవలేనివారికి డబ్ల్యూసీహెచ్‌సీ. మెట్లు ఎక్కలేనివారికి మొదటి రకం రాయిస్తే, విమానం దూరంగా ఆగి నిచ్చెన వేసినప్పుడు ఇబ్బంది పడేది వాళ్లే. శాకాహారులు ఏవీఎంఎల్ భోజనం, షుగర్ ఉన్నవారు డీబీఎంఎల్ భోజనం ముందే రాయించుకోవాలి. విమానంలో గంటన్నరకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా.

పెట్టె సర్దేటప్పుడు ప్రేమ బరువు పెంచుతుంది, సహజం. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు నిరభ్యంతరంగా తీసుకెళ్లవచ్చు. అయితే అన్నీ పెద్ద పెట్టెలోనే. నూనె పచ్చళ్లు, నెయ్యి చేతి సంచిలో సాగవు. 350 మిల్లీలీటర్లు మించిన పొడులు చేతి సంచిలో ఉంటే అమెరికా వెళ్లే విమానాల దగ్గర ఆపి విప్పించి చూస్తారు, పారేయించినా పారేయించవచ్చు. పవర్ బ్యాంక్ మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. కోడి, మేక మాంసం పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు, బియ్యం కూడా అంతే. కరివేపాకుతో నిమ్మజాతి చెట్లకు హాని చేసే పురుగు, బియ్యంతో గిడ్డంగులను పాడుచేసే ఖాప్రా పురుగు వస్తాయని వాళ్ల భయం. ఫారం మీదా, అధికారి అడిగినప్పుడూ 'తినుబండారాలున్నాయి' అని చెప్పేయండి. చెప్పి తీసుకెళ్లింది వద్దంటే అక్కడ వదిలేస్తే సరిపోతుంది. దాచి దొరికితే జరిమానా.

గసగసాల సంగతి విడిగా చెప్పాలి. దుబాయ్, అబూదాబీ మీదుగా వెళ్లేవారు గసగసాలు గాని, గసగసాలు కలిసిన మసాలా గాని పొరపాటున కూడా పెట్టకండి. అక్కడ వాటిని మాదకద్రవ్యాల కిందే లెక్కేస్తారు, మారడానికి దిగినవారికీ అదే చట్టం. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలూ దగ్గుమందులూ అదే కోవలోకి వస్తాయి. మోకాలి నొప్పికి డాక్టరు రాసిన మాత్రలో ట్రమడాల్ ఉందేమో మందుల షాపులో అడిగి తెలుసుకోండి.

రోజూ వేసుకునే మందులు మూడు నెలలకు సరిపడా తీసుకెళ్లవచ్చు. మాత్రలు డబ్బాల్లో పోయకుండా స్ట్రిప్పుల్లోనే ఉంచి, డాక్టరు చీటీ మీద మందు అసలు పేరు ఇంగ్లిషులో స్పష్టంగా రాయించండి. మన బ్రాండు పేర్లు అక్కడి డాక్టర్లకు తెలియవు. ఇన్సులిన్‌ని పెద్ద పెట్టెలో పెడితే విమానం అడుగున గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు, కాబట్టి అది చేతి సంచిలోనే ఉండాలి. పడమరకు వెళ్లేటప్పుడు ఆ రోజు తొమ్మిది, పది గంటలు సాగుతుంది. ఆ రోజు ఎన్ని యూనిట్లు, ఎప్పుడు వేసుకోవాలన్నది మీ డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి. సొంత లెక్కతో రెండుసార్లు వేసుకుని గాల్లో షుగర్ పడిపోతే కష్టం. జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉంచండి.

ఆరోగ్య బీమా దగ్గర మోసపోయేవారే ఎక్కువ, ఎందుకంటే ప్రీమియం చూసి కొంటారు గాని షరతులు చదవరు. చూడటానికి వచ్చినవారికి అక్కడి ప్రభుత్వ మెడికేర్ వర్తించదు. అమ్ముడయ్యే పాలసీలు స్థూలంగా రెండు రకాలు. ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీలో డాక్టరుకి ఇంత, గదికి ఇంత, స్కానింగ్‌కి ఇంత అని ముందే రాసి ఉంటుంది. అసలు బిల్లు దానికి ఎన్నో రెట్లు రావచ్చు, మిగతాది పిల్లల నెత్తిన పడుతుంది. కాంప్రిహెన్సివ్ పాలసీలో డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి పెట్టాల్సిన వాటా) మొత్తం మనం కట్టాక, పరిమితి వరకు బిల్లులో పెద్ద భాగం సంస్థ కడుతుంది. పెద్దలకు ఈ రెండోదే తీసుకోండి, ఖర్చు ఎక్కువైనా సరే.

ఇక బీపీ, షుగర్, గుండె జబ్బు. ఇవి ముందునుంచీ ఉన్న జబ్బులు, అంటే ప్రీ-ఎగ్జిస్టింగ్. వాటికి సంబంధించిన ఏ ఖర్చయినా సాధారణంగా ఇవ్వరు. 'అక్యూట్ ఆన్‌సెట్' అనే షరతు ఉంటే, అవి హఠాత్తుగా ముదిరినప్పుడు కొంత ఇస్తారు. అదీ ముందస్తు లక్షణాలేవీ లేకుండా వచ్చి ఉండాలి. చాలా పాలసీల్లో 24 గంటల్లోగా వైద్యం మొదలై ఉండాలి. డెబ్బై దాటితే ఈ సదుపాయం తగ్గించే పాలసీలు, తీసేసేవి కూడా ఉన్నాయి. కాబట్టి కొనేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: మా వయసుకి అక్యూట్ ఆన్‌సెట్ ఉందా, దాని పరిమితి ఎంత, మా ఊళ్లో నెట్‌వర్క్ ఆస్పత్రి ఏది. ఏజెంట్ ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున పనికిరాదు. బీపీ ఉన్నట్టు దాచి పాలసీ తీసుకోవడం అన్నిటికన్నా నష్టం, ఆస్పత్రి రికార్డులో మందుల జాబితా చూడగానే బయటపడుతుంది. జలుబు, దగ్గు, చిన్న దెబ్బలకు ఎమర్జెన్సీకి పరుగెత్తకుండా అర్జెంట్ కేర్ క్లినిక్‌కు వెళితే బిల్లు చాలా తగ్గుతుంది. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా 911కి ఫోన్ చేయాలి. ఎమర్జెన్సీ విభాగం డబ్బు లేదని వెనక్కి పంపకూడదని 1986 నుంచి అక్కడ చట్టం ఉంది. బిల్లు సంగతి తర్వాత.

పసిబిడ్డ ఉన్న ఇంటికి వెళ్లే అమ్మమ్మ, మామ్మ, తాతయ్య కనీసం రెండు వారాల ముందు కోరింత దగ్గు రాకుండా కాపాడే టీడ్యాప్ టీకా వేయించుకోవాలి. కోరింత దగ్గు పెద్దవాళ్లకు మామూలు దగ్గులా వచ్చి పోతుంది. రెండు నెలల పిల్లకు అది ప్రాణాంతకం.

సరస్సు గట్టుకి మనవలతో వెళ్లేటప్పటి జాగ్రత్త మన విశాఖవాళ్లకు వివరంగా చెప్పాలి. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లం కదా, సరస్సంటే చెరువని తేలిగ్గా తీసుకుంటాం. అవతలి ఒడ్డు కనపడని సరస్సు అది. అలలు ఒకదాని వెనక ఒకటి దగ్గర దగ్గరగా వస్తాయి, లేచి నిలబడేలోగా రెండోది కొడుతుంది. ఉప్పు లేని నీరు కాబట్టి సముద్రం తేల్చినంతగా తేల్చదు. ఒడ్డు నుంచి నీళ్లలోకి కట్టిన పొడవాటి సిమెంటు గట్లు, వాటి చివర ఎర్ర లైట్‌హౌస్‌లు ఫొటోలకు బాగుంటాయి. కానీ గాలి ఉన్న రోజు అలలు ఆ గట్టు మీదికెక్కి మనుషుల్ని లాగేస్తాయి, గట్టు వెంబడే నీళ్లలో లోపలికి లాగే ప్రవాహం కూడా ఉంటుంది. ఎర్ర జెండా ఉంటే ఆ సిమెంటు గట్టెక్కొద్దు. జంట ఎర్ర జెండాలుంటే నీళ్లలోకి దిగడమే నిషేధం.

వసంతంలో ఇంకో ప్రమాదం చలి నీటిది. పదీ పన్నెండు డిగ్రీల నీటిలో హఠాత్తుగా పడితే ఎవరికైనా అప్రయత్నంగా ఊపిరి ఒక్కసారిగా లోపలికి పోతుంది. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే నీరే లోపలికి వెళుతుంది. కొన్ని నిమిషాల్లో చేతులు మాట వినవు, ఈత వచ్చినా లాభం లేదు. షికాగో బీచ్‌లలో గార్డులు ఉండేది మే ఆఖరి సోమవారం సెలవు ముందు శుక్రవారం నుంచే. అంతకుముందు ఎవరూ ఉండరు. కాబట్టి మే నెలలో మనవలు నీటి అంచున ఇసుకలో ఆడుకుంటున్నా కోస్ట్ గార్డ్ ఆమోదించిన లైఫ్ జాకెట్ తొడగాల్సిందే. చేతులకు తొడిగే గాలి బుడగలు జాకెట్ పని చేయవు. తాతయ్య ఒక్కరే ఇద్దరు పిల్లల్ని తీసుకుని గట్టుకి వెళ్లొద్దు.

గడ్డిలో, చెట్ల కింద తిరిగాక పిల్లల చంకలు, మోకాలి వెనక, చెవుల వెనక, జుట్టు కుదుళ్లు తడిమి చూడాలి. మే, జూన్ నెలల్లో గసగసాల గింజంత ఉండే పిల్ల టిక్కులు (ఒంటిని పట్టుకుని రక్తం పీల్చే పురుగులు) తిరుగుతుంటాయి. అవి లైమ్ జబ్బు తెస్తాయి. సాధారణంగా ఒక రోజుకు పైగా ఒంటిని పట్టుకుని ఉంటేనే జబ్బు సోకుతుంది, కాబట్టి ఏ రోజుకారోజు చూస్తే చాలు. సన్నని మొనల చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా పైకి లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకూడదు, అలా చేస్తే పురుగు లోపలి ద్రవాన్ని ఒంట్లోకి కక్కుతుంది. నెలలోపు అక్కడ ఎర్రటి మచ్చ పెరిగినా, జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించాలి.

కారులో మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. ఎంత ఏడ్చినా సీటులోనే కట్టాలి. బడి నుంచి తీసుకురావాలంటే మీ పేరు బడి వాళ్ల జాబితాలో ముందే ఉండాలి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలి.

చూడదగ్గ చోట్లలో పెద్దలకు అనువైనవి చెబుతాం. మిషిగన్ రాష్ట్రంలోని స్లీపింగ్ బేర్ ఇసుక దిబ్బల దగ్గర పియర్స్ స్టాకింగ్ రోడ్డు మీద కారులో కూర్చునే అడవి, దిబ్బలు, సరస్సు చూడవచ్చు. తొమ్మిదో మజిలీ దగ్గర 450 అడుగుల ఎత్తు నుంచి నీలి నీళ్లు కనిపిస్తాయి. అక్కడి నుంచి కిందికి దిగాలని కుర్రాళ్లకి సరదా పుడుతుంది. దిగడం నిమిషాల పని, జారే ఇసుకలో ఎక్కడానికి రెండు గంటలు పట్టవచ్చు. దిగొద్దు. అదే రాష్ట్రంలోని మాకినాక్ దీవిలో 1898 నుంచి మోటారు వాహనాల్లేవు, గుర్రపు బండ్లూ సైకిళ్లే. నడవలేనివారికి బండి మీద దీవంతా తిరగడం హాయిగా ఉంటుంది. నయాగరాకు డెట్రాయిట్ నుంచి దగ్గరి దారి కెనడా మీదుగా పోతుంది. పిల్లలకు అలవాటైన దారి అదే కావచ్చు. మీ దగ్గర కెనడా వీసా లేకపోతే ఆ దారి మీకు లేదు, ఒహాయో మీదుగా బఫెలో వైపు నుంచి వెళ్లాలి.

బట్టల సంగతి ఒక్క మాట: బరువైన శాలువా ఒకటి కన్నా పల్చటి పొరలు మూడు మేలు. ఒంటికి అతుక్కునే థర్మల్, మీద ఫ్లీస్, ఆ పైన గాలిని ఆపే జాకెట్. చెవులు మూసే టోపీ, జారని బూట్లు. చీర కట్టుకునేవారు లోపల థర్మల్ ప్యాంటు వేసుకోవచ్చు.

విశాఖలో ఇల్లు తాళం వేసేముందు జీవీఎంసీ ఆస్తి పన్ను ఏప్రిల్ 30లోగా ఏడాది మొత్తానికి కట్టేస్తే 5 శాతం రాయితీ వస్తుంది. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్‌కి రోమింగ్ వేయించుకోండి, లేకపోతే అక్కడి నుంచి కరెంటు బిల్లు కూడా కట్టలేరు.

అక్కడ దిగిన రెండు మూడు రోజుల్లో ఐ-94 రికార్డు (అమెరికాలోకి వచ్చినట్టు ప్రభుత్వం నమోదు చేసే పత్రం) వెబ్‌సైట్‌లో తీసి, పేరు, ఉండనిచ్చిన ఆఖరు తేదీ సరిగ్గా ఉన్నాయో చూసుకోవాలి. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. పదేళ్ల వీసా ఉంది కదా అని ఆ తేదీ దాటి ఉంటే వీసా చెల్లకుండా పోతుంది. మా సలహా ఆరు నెలలూ వాడుకోవద్దనే. మే నడుమ వెళ్లి ఆగస్టు నడుమ వచ్చేయండి. తీసుకెళ్లిన మూడు నెలల మందులు సరిపోతాయి, బీమా రోజుల లెక్కన కాబట్టి ఖర్చు తగ్గుతుంది. మనవల వేసవి సెలవుల్లో రెండు నెలలు పూర్తిగా దక్కుతాయి, జులై ఆఖరుకి సరస్సు నీళ్లు కాళ్లు పెట్టేంత వెచ్చబడతాయి. వినాయక చవితికి ఇంట్లో ఉంటారు.

ఇట్లు,
కొందరు విశ్రాంత ఉద్యోగులు,
సీతమ్మధార, విశాఖపట్నం